గోడ మీద బొమ్మిడాయి

రాజమండ్రిలో గోదావరి గట్టుకి ఎదురుగా నదీతరంగ అనే అపార్ట్‌మెంటు ఉంది. దాని ప్రతి బాల్కనీలోంచీ గోదావరి కనిపిస్తుంది. గోదావరిలో చేపలుంటాయి. వాటిని పట్టేవాళ్ళు, రేవులో పోసి అమ్మేవాళ్ళు, బేరమాడి సంచిలో వేసుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు కూడా ఆ బాల్కనీల్లోంచి చక్కగా కనిపిస్తారు. చూడడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ చేప నదీతరంగ గేటు దాటి లోపలికి రావడానికి మాత్రం వీల్లేదు. అసోసియేషను నిబంధనల్లో పద్నాలుగోది దాన్ని గేటు దగ్గరే ఆపేస్తుంది.

ఆ నిబంధన ఇలా ఉంటుంది: "సముదాయ ఆవరణమునందు మత్స్య సంబంధ వాసనాభివ్యక్తి ఏ రూపమునందైనను, ఏ అంతస్తునందైనను నిషిద్ధము." ఇంత దిట్టమైన వాక్యం రాసినవాడు గుత్తుల చక్రధరం, అసోసియేషను కార్యదర్శి. ఇన్సూరెన్సు కంపెనీలో డెవలప్‌మెంటు ఆఫీసరు. పుట్టింది కోనసీమ లంకలో. అన్నప్రాశన నాడు పుస్తకం, కత్తి, పువ్వు ముందు పెడితే అవన్నీ దాటుకుని వంటింటి వైపు పాకిన మనిషని వాళ్ళమ్మ చెప్పేది. ఆ వేళ వంటింట్లో ఉడుకుతున్నది చేపల పులుసే.

అలాంటివాడు ఆ నిబంధన ఎందుకు రాశాడని అడగవచ్చు. కార్యదర్శి కావాలని రాశాడు. నదీతరంగలో చేప తినేవాళ్ళు తక్కువేం కాదు. కాని ఆదివారం పొయ్యి మీద పులుసు మరుగుతుంటే మీటింగుకి వచ్చి ఓటేసే వెర్రివాడెవడు? వచ్చేవాళ్ళందరూ తిననివాళ్ళే. చక్రధరం ఆ గాలి పసిగట్టి, నిబంధన ప్రతిపాదించి, ఏకగ్రీవంగా గెలిచాడు. కోడి జోలికీ మేక జోలికీ పోలేదు, అక్కడ ఓట్లున్నాయి. మరుసటి ఆదివారం నుంచి చేప తినేవాళ్ళు కూడా ఇంట్లో పనేం లేక మీటింగులకి రావడం మొదలుపెట్టారు. హాజరు పెరిగిందని ప్రెసిడెంటు గారు ఆయన్ని అభినందించారు కూడా.

"మీకు పదవొచ్చింది, నా దాక అటకెక్కింది" అంది ఆయన భార్య సత్యవేణి. చేపల పులుసు కోసమే పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టి దాక అది.

"త్యాగం చెయ్యకుండా ప్రజాసేవ కుదరదు" అన్నాడు చక్రధరం. ఆ మాట అన్నప్పుడు ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగింది. సాయంత్రానికి అది ఆకలిగా మారింది.

అలా రోజులు చప్పగా గడుస్తుండగా ఆయన ఓ పాలసీ పని మీద హైదరాబాదులో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. హాల్లో సోఫా వెనక గోడంతా చేపల పటాలే. పసుపు తిరిగిన కాగితం, ఒక్కో పటంలో ఒక్కో చేప, కింద వంకర్లు తిరిగిన అక్షరాల్లో లాటిన్ పేరు. ఎవరో దొర ఎప్పుడో మన నదుల్లో, చెరువుల్లో చేపల్ని చూసి పొలుసు పొలుసూ లెక్కపెట్టి గీశాడట. ఇప్పుడు గొప్పవాళ్ళ ఇళ్ళల్లో ఇదే ఫ్యాషనట. చక్రధరం ఆ పటాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. పెద్దాయన ఇతనెంత కళాపిపాసి అనుకున్నాడు. నిజానికి చక్రధరం వాలుగ పటం చూస్తూ, తలకాయ వైపు ముక్క ఎంతుంటుందా అని అంచనా వేసుకుంటున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అలాంటివే ఒక కట్ట కొనుక్కొచ్చాడు. అవి పాతవి కావనీ, టీ నీళ్ళలో ముంచి పాతవి చేశారనీ తరవాత తెలిసింది. తెలిసినా ఆయన ఎవరికీ చెప్పలేదు.

సత్యవేణి నేల మీద కూర్చుని పైన ఉన్న నాలుగైదు తిరగేసింది. "ఇది కొరమీను. ఇది జెల్ల. పొలుసు బానే గీసేడు మహానుభావుడు. ఇంతకీ ఈ పొడుగుదేంటండి?"

"బొమ్మిడాయి."

"బొమ్మిడాయికి మీసాలేంటి? వీపు మీద ఈ విసనకర్రేంటి? ఇలాంటి చేపని నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు."

"దొర కళ్ళారా చూసి గీశాడు. అబద్ధం గీస్తాడా?"

"తినని మనిషి ఏం గీసినా నమ్మకూడదండి" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వేళ బీరకాయ.

చక్రధరం ఆ పొడుగు చేపనే, అన్నిట్లోకీ అందంగా ఉందని, హాల్లో సోఫా పైన తగిలించి దాని నెత్తిన చిన్న దీపం కూడా పెట్టించాడు.

మర్నాడు ప్రెసిడెంటు శేషావతారం గారు లిఫ్టు మరమ్మతు కాగితం మీద సంతకానికి వచ్చారు. ఆయన ఉండేది ఎదురు ఫ్లాటే. ఏదో శాఖలో అదనపు సంచాలకులుగా చేసి రిటైరయ్యారు. ఏ శాఖో ఆయన చెప్పరు, అదనపు సంచాలకులని మాత్రం చెబుతారు. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. పటం ముందు ఆగి కళ్ళజోడు సవరించుకున్నారు.

"చక్రధరం గారూ, ఇది మత్స్యమా?"

"మత్స్యచిత్రం సార్."

ప్రెసిడెంటు గారు ముక్కు పటానికి ఆనించి వాసన చూశారు. "వాసనాభివ్యక్తి లేదు. కనుక పద్నాలుగో నిబంధన వర్తించదు. పైపెచ్చు ఇది వారసత్వము. నది ఒడ్డున ఉండి నదీ వారసత్వాన్ని విస్మరించుట సమంజసమా?"

"ముమ్మాటికీ కాదు సార్" అన్నాడు చక్రధరం. పాలసీలు అమ్మేవాడికి ఎదుటివాడి మాట కాదనే అలవాటు ఉండదు.

వారం తిరక్కుండా మత్స్యచిత్ర వారసత్వ పథకం అమల్లోకి వచ్చింది. ప్రతి ఇంటి హాల్లోనూ ఒక పటం ఉండి తీరాలి. చక్రధరం తెచ్చిన కట్టలోంచి ఎవరికే పటమో తేల్చడానికి సెల్లారులో స్టీలు బకెట్టు పెట్టి చీటీలు తీశారు. కార్యదర్శికి మాత్రం పథక ప్రేరకుడనే హోదాలో తన పొడుగు చేప తనకే ఉంచారు. వాస్తు తెలిసిన కోశాధికారి, టైల్స్ షాపు మల్లిబాబుకి వేలెడంత పరిగె వచ్చింది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

అక్కడితో ఆగితే అది అసోసియేషను ఎందుకవుతుంది? ఇకపై నివాసాలను సంఖ్యలతో కాక మత్స్యనామాలతోనే వ్యవహరించవలెనని సర్క్యులరు వచ్చింది. జెల్లలో కుళాయి కారడం, వాలుగ వాళ్ళ కోడలు అలిగి పుట్టింటికి పోవడం, కొరమీను బాత్రూంలోంచి మట్టగిడస బెడ్రూంలోకి చెమ్మ దిగడం నదీతరంగలో మామూలు మాటలైపోయాయి. వాచ్‌మన్ అప్పలసూరి లాటిన్ పేర్లు కంఠతా పట్టాడు. కొరియరు వాళ్ళకి అతను దారి చెబుతుంటే తేలు మంత్రం వేస్తున్నట్టుండేది.

తరవాత మల్లిబాబు దిక్కుల సంగతి ఎత్తాడు. పటాల్లో చేపలన్నీ ఎడమకే చూస్తున్నాయి. "దొరలకదే పద్ధతి. చేపని ఎప్పుడూ ఎడమకి తిప్పే గీసేవాళ్ళు" అని కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన త్రిపురసుందరి గారు వివరించారు. మల్లిబాబు ఊరుకోలేదు. తూర్పు గోడ మీద ఎడమకి చూసే చేప ఉత్తరానికి చూస్తుంది, బాగానే ఉంది. పడమటి గోడ మీదది? దక్షిణానికి, అంటే యముడి దిక్కుకి. సగం ఇళ్ళలో సోఫాలు పడమటి గోడకే ఉన్నాయి. ఆ సగం ఇళ్ళవాళ్ళకీ మర్నాటి నుంచి నడుంనొప్పులు, పరీక్షల్లో తప్పడాలు మొదలయ్యాయి.

ప్రెసిడెంటు గారు రాత్రింబవళ్ళు ఆలోచించి పరిష్కారం కనిపెట్టారు. పటాన్ని తిప్పి తగిలిస్తే సరి. ఎడమకి చూసేది కుడికి చూస్తుంది.

"కాని సార్, చేప వెల్లకిలా పడుతుందండి" అన్నాడు మల్లిబాబు.

"వెల్లకిలా అనరాదు. సవరించిన దిశ అనవలెను" అన్నారు ప్రెసిడెంటు గారు. తన ఇంట్లో పటాన్నే ముందుగా సవరించి ఆదర్శంగా నిలిచారు. అది చూసొచ్చిన సత్యవేణి, "గోదాట్లో అలా తేలిన చేపని కాకి కూడా ముట్టదు" అంది. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళు మెడ వంచి చూసి, పామో చేపో తేల్చుకోలేక, బాగుందని వచ్చేసేవాళ్ళు. వాళ్ళలో చక్రధరం కూడా ఉన్నాడు.

ఇదిలా ఉండగా కూతురు నీలిమ ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. అత్తారిది విశాఖపట్నం. బండి కుదుపులు కూడదనీ, మెట్లెక్కకూడదనీ, ఇల్లు కదలకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. వచ్చినపిల్ల మంచం మీద వాలి, వాళ్ళమ్మ కళ్ళలోకి చూసి ఒక్కటే కోరింది.

"అమ్మా, బొమ్మిడాయిల పులుసు చెయ్యవే. విశాఖపట్నంలో అన్నీ సముద్రం చేపలే. నాకు గోదారి బొమ్మిడాయి కావాలి. నీ దాకలో."

"అడగాల్సింది నన్ను కాదమ్మా, కార్యదర్శి గారిని" అంది సత్యవేణి.

చక్రధరం పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు.

"నవ్వులాట కాదండి. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. తీర్చకపోతే పుట్టినబిడ్డకి చెవిలో చీం కారుతుంది. మా మేనత్త కొడుక్కి అలాగే కారింది."

"ఈ రోజుల్లో ఇంకా ఇవన్నీ నమ్ముతారా?" అన్నాడు చక్రధరం. ఆయన నమ్మలేదు. ఆ సాయంత్రం లిఫ్టులో ఎవరి పిల్లవాడో కనిపిస్తే ముందు వాడి చెవులు చూశాడు, అంతే. మర్నాడు ఇంకో పిల్లని చూశాడు. వారం గడిచేసరికి నదీతరంగలో ఉన్న చిన్నపిల్లల చెవులన్నీ ఆయనకు తెలుసు. ఒక్కదానిలోనూ చీము లేదు. వాళ్ళ తల్లులు అడిగినవన్నీ తిని ఉంటారు.

మొదట దొడ్డిదారి ప్రయత్నించాడు. హోటల్లో పులుసు కట్టించి ఆఫీసు బ్యాగులో పెట్టుకుని లిఫ్టెక్కాడు. లిఫ్టులో వాసన పర్యవేక్షణ ఉపసంఘం సభ్యులిద్దరు డ్యూటీలో ఉన్నారు. ఆ ఉపసంఘాన్ని వేసింది ఆయనే. ముక్కు బాగా పనిచేసేవాళ్ళని ఏరి మరీ వేశాడు. రెండో అంతస్తు దాటేలోపు దొరికిపోయాడు. ఎవరో పాలసీదారు బలవంతంగా ఇచ్చాడని చెప్పుకుని, పొట్లాన్ని తన చేత్తోనే అప్పలసూరికి ఇచ్చి గేటు బయట పారబోయమన్నాడు. అప్పలసూరీ అతని భార్యా దాన్ని శ్రద్ధగా పారబోశారు. "అయ్యగారూ, మళ్ళీ పారబొయ్యాలంటే కబురెట్టండి" అన్నాడతను మర్నాడు.

"హోటల్ది నాకొద్దన్నాను కదా నాన్నా" అంది నీలిమ. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. నీరసంగా అటు తిరిగి పడుకుంది. చిన్నప్పుడు ముల్లు తీసి ముద్దలో పెట్టి దానికి తినిపించింది చక్రధరమే. రాజీనామా చేద్దామా అని కూడా అనుకున్నాడు. కాని రాజీనామా చేస్తే పదవి పోతుంది, నిబంధన పోదు. పైగా కొత్త కార్యదర్శి మల్లిబాబు అవుతాడు. నిబంధన ఎత్తేద్దామని ప్రెసిడెంటు గారి దగ్గర గొణిగితే, "అది మీ మానసపుత్రిక. కన్నతండ్రియే గొంతు నులుముట చూడజాలను" అన్నారాయన.

కుడితిలో పడ్డ ఎలుకలా చక్రధరం కొట్టుకుంటుండగా రొట్టె విరిగి నేతిలో పడింది. ఊళ్ళో ఏదో సాంస్కృతిక సంఘంవాళ్ళు ఆదర్శ వారసత్వ నివాసం అని పోటీ పెట్టారు. వచ్చి చూస్తారట. అలంకరణ ఎంత ప్రామాణికమో పరిశీలిస్తారట. ప్రామాణికత అన్న మాట చదివి ప్రెసిడెంటు గారికి నిద్రపట్టలేదు. మన పటాలు ప్రామాణికమైనవని రుజువేది అని చక్రధరాన్ని పిలిచి అడిగారు. చక్రధరం బుర్రలో అప్పుడు దీపం వెలిగింది. ఒక్క పూటలో తీర్మానం రాసుకొచ్చి కార్యవర్గం ముందు పెట్టాడు.

"ప్రతి చిత్రమునకు అనురూపమైన సజీవ నమూనాను ఆయా నివాస సంరక్షకుడు సమర్పింపవలెను. చిత్రముతో సరిపోలిన పిదప సదరు నమూనాను ఆ నివాసమునందే నిర్మూలింపవలెను."

"నిర్మూలన ఏ విధముగా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"చెత్తబుట్టలో వెయ్యడానికి ఆరో నిబంధన ఒప్పుకోదు సార్. పూలకుండీల్లో పూడ్చడానికి ఎనిమిదోది ఒప్పుకోదు. తిరిగి ఏట్లో వేద్దామంటే నదిలో ఏమీ పారవెయ్యమని మనం గణతంత్ర దినాన ప్రతిజ్ఞ చేశాం."

"మరి మిగిలినదేమి?"

"ఉష్ణ నిర్మూలన సార్. నమూనాను ఖండించి, చింతపండు రసం వంటి సహజ ద్రావకంలో, లవణంతో సహా సరిపడినంత వేడి చేసి, ఆ పైన జీర్ణప్రక్రియ ద్వారా..."

చుట్టూ ఉన్న కార్యవర్గంలో చేప తినేవాళ్ళ గుటకలు వినిపించాయి. ప్రెసిడెంటు గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "వాసనాభివ్యక్తి సంగతి?"

"అది ఇంటి వాసన కాదు సార్. పథకం వాసన."

"నిజమే. పథకము వలన జనించు వాసన నిబంధన పరిధిలోకి రాదు" అని ఆయన రాసుకున్నారు.

తిననివాళ్ళు లేచి తామేం చేసేదని అడిగారు. సభ్యులు కాని వారిని నిర్మూలన సహాయకులుగా పెట్టుకోవచ్చని చక్రధరం అప్పటికప్పుడు కలిపాడు. అంతా అయ్యాక ఆయనకో సందేహం వచ్చింది. మల్లిబాబు పరిగె ఒక గుక్కలో నిర్మూలమైపోతుంది. పైగా అతను భోజనాల వేళ చూసుకుని పలకరింపుకి వచ్చే రకం. తన ఇంటి దాక చుట్టూ అతన్ని ఊహించుకోలేక చక్రధరం చివర్న ఇంకో వాక్యం తగిలించాడు: "అసోసియేషను సభ్యులెవరును తమది కాని నమూనా నిర్మూలనలో ఏ విధముగాను పాల్గొనరాదు." మల్లిబాబు మొహం మాడింది. తీర్మానం ఏకగ్రీవం.

ఆ ఆదివారం నదీతరంగ చరిత్రలో మరువరానిది. పొద్దున్నే రేవు ఖాళీ అయిపోయింది. బకెట్లతో, టబ్బులతో, నీళ్ళ బిందెలతో చేపలు పగటిపూట, రాజమార్గాన, లిఫ్టులో ఎక్కి దిగాయి. వాసన పర్యవేక్షణ ఉపసంఘం సభ్యులు లేచి దారిచ్చారు. చక్రధరం తెల్లవారకముందే రేవుకి వెళ్ళి, చెయ్యి పెడితే జారిపోతున్న నిగనిగలాడే బొమ్మిడాయిల్ని ఏరి తెచ్చాడు. సత్యవేణి దాక దింపి, కడిగి, చింతపండు నానబెట్టింది. మామిడికాయ చెక్కింది. నీలిమ చాలా రోజుల తరవాత లేచి కూర్చుని జడ వేసుకుంది. "నాన్నా, నువ్వు తీర్మానాలు రాయడం ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అంది. చక్రధరానికి ఆ మాటతో జన్మ తరించింది. జన్మ తరించినప్పుడే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, అది ఆయనకు తట్టలేదు.

సెల్లారులో బల్ల వేసి త్రిపురసుందరి గారు భూతద్దంతో కూర్చున్నారు. ఒక పక్క పటం, ఒక పక్క బకెట్టు. కొరమీను ఎగిరి ఆవిడ ఒళ్ళో పడి, సరిపోలినట్టు రాయించుకుంది. జెల్ల, వాలుగ గట్టెక్కాయి. పరిగె కూడా గట్టెక్కింది. చక్రధరం వంతు వచ్చింది. ఆవిడ పటం చూశారు, బకెట్టులోకి చూశారు, మళ్ళీ పటం చూశారు.

"చిత్రంలో మీసాలు నాలుగున్నాయి. నమూనాకి లేవు."

"రాలిపోయుంటాయండి."

"చిత్రంలో వీపు రెక్క విసనకర్రలా ఉంది. నమూనాకి ముళ్ళ వరసే ఉంది."

"దొర చూసినరోజు గాలి వీచి ఉంటుంది మేడమ్."

త్రిపురసుందరి గారు భూతద్దం కింద పెట్టారు. "చక్రధరం గారూ, నేను చదివిన పుస్తకాల్లో ఈ పటంలో ఉన్న చేప ఎక్కడా లేదు. మూడు చేపలు కలిపి గీసినట్టుంది."

చక్రధరం ప్రెసిడెంటు గారి వైపు తిరిగి, పటమే తప్పేమోనని నసిగాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "చిత్రము వారసత్వము. అది తప్పు కాజాలదు. తప్పు చేపది. నమూనా తిరస్కరించడమైనది."

"అయితే దీన్ని ఇంటికి తీసుకుపోతాను సార్."

"సరిపోలని నమూనా పథకము కిందికి రాదు. పథకము కిందికి రానిచో దాని వాసన ఇంటి వాసన అగును. పద్నాలుగో నిబంధన చూడుడు" అన్నారు ప్రెసిడెంటు గారు.

చక్రధరం చూడనక్కర్లేదు. ఆయన దగ్గర కంఠతా ఉంది. బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పైన చింతపండు నానుతోంది.

అప్పుడు ప్రెసిడెంటు గారి పటం బల్ల మీదికి వచ్చింది. ఆయన నమూనా తేలేదు. వెల్లకిలా ఉన్న ఆ జీవి ఏమిటో తేల్చుకోలేక, ఏం తేవాలో అప్పలసూరికి చెప్పలేకపోయారు. బకెట్టు ఇంకా రాలేదేమని పైనుంచి దిగొచ్చిన సత్యవేణి ముందుకొచ్చి, ఎవర్నీ అడక్కుండా పటాన్ని తిన్నగా తిప్పి పెట్టింది. కోసుగా ఉన్న మూతి, వీపు మీద ముళ్ళు, ఒంటి మీద మచ్చలు.

"ఇదండి బొమ్మిడాయి" అంది.

త్రిపురసుందరి గారు భూతద్దం ఎత్తి బకెట్టులోకి చూసి, "అక్షరాలా సరిపోయింది" అన్నారు. సెల్లారంతా చప్పట్లు కొట్టింది.

"సంతోషము. కార్యదర్శి గారు సకాలంలో నమూనా సమకూర్చినందుకు అసోసియేషను కృతజ్ఞత తెలుపుచున్నది" అన్నారు ప్రెసిడెంటు గారు. "బకెట్టును మా నివాసమునకు తరలించుడు."

చక్రధరమే తరలించాడు. లిఫ్టులో ఆ చేపలు ఆయన కేసి చూస్తున్నట్టే అనిపించింది.

ప్రెసిడెంటు గారి భార్య కామేశ్వరమ్మ గారు బకెట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "అమ్మా సత్యవేణీ, ఈయన పథకాలతో నాకు ముప్ఫై ఏళ్ళ నుంచి అలవాటే. నీ గిన్నెలు, నీ పొయ్యి తెచ్చుకుని బాల్కనీలో నీ చేత్తో కానియ్ తల్లీ. నేను పూజగదిలో తలుపేసుకుంటాను."

"చేస్తానండి. నాకో సహాయకురాలు కావాలి, మా అమ్మాయి" అంది సత్యవేణి.

ప్రెసిడెంటు గారు తీర్మానం తిరగేశారు. "ఆమె విశాఖపట్నం నివాసి. సభ్యురాలు కాదు. అర్హురాలే. మరి మీరు?"

"ఫ్లాటు కొన్నప్పుడు నా పేరు కూడా రాయించండంటే, ఎందుకులే అన్నారు ఈయన. సభ్యత్వం ఆయనదే."

"అయినచో మీరునూ అర్హులే. చక్రధరం గారు మాత్రం..." ప్రెసిడెంటు గారు చివరి వాక్యం మీద వేలు పెట్టారు. చక్రధరం ఆ వేలు వైపు చూశాడు. కామా కూడా లేకుండా ఎంత గట్టిగా రాశాడో అప్పుడే గమనించినట్టు చూశాడు. వరండాలో అప్పుడే పలకరింపుకి వచ్చిన మల్లిబాబు ఆనందంగా దగ్గాడు.

దాక ఎదురింటికి వెళ్ళింది. చింతపండు రసం వెళ్ళింది. మామిడికాయ ముక్కలు వెళ్ళాయి. నీలిమ కడుపు మీద చెయ్యి వేసుకుని, నాలుగడుగులు వేసి ఎదురింటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. చక్రధరం రెండు ఇళ్ళకీ మధ్య చెప్పుల బల్ల మీద కూర్చున్నాడు. వాసన ఇంటిదా పథకానిదా నమోదు చెయ్యాల్సిన బాధ్యత కార్యదర్శిదే.

ముందు పోపు వాసన వచ్చింది. తరవాత ధనియాలూ మెంతులూ. తరవాత పులుసు మరగడం మొదలుపెట్టింది. కిందా మీదా అన్ని అంతస్తుల్లోంచీ అలాంటి వాసనలే బయల్దేరి మెట్ల దగ్గర కలుసుకున్నాయి. కట్టిన నాటి నుంచీ ఇల్లులా ఉండని ఆ భవనం ఆ మధ్యాహ్నం ఇల్లులా ఉంది. చేప వండుకోని ఇల్లు మొత్తం మీద ఒక్కటే. దాని హాల్లో సోఫా పైన, దీపం కింద, నాలుగు మీసాలతో, విసనకర్రతో, లోకంలో లేని చేప ఎడమకి చూస్తోంది.

"బుద్ధొచ్చింది" అని చక్రధరం తనతో తనే అనుకున్నాడు. వచ్చిన బుద్ధికి ఆకలి తగ్గలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ప్రెసిడెంటు గారు బయటికొచ్చారు. ఆయన చేతిలో చిన్న స్టీలు గిన్నె ఉంది. అడుగున ఎర్రగా ఏదో మెరుస్తోంది.

"ముక్క ముట్టలేదు. ద్రావకమును మాత్రం, ప్రామాణికత దృష్ట్యా, స్వయముగా పరిశీలించితిని" అన్నారు. గొంతు తగ్గించి, "ఉప్పు సరిపోయింది. మీ ఇంట్లో నిర్మూలన ఇంత బాగా చేస్తారని మీరెప్పుడూ చెప్పలేదు" అన్నారు.

"అవకాశం రాలేదు సార్."

"అన్నట్టు, నమూనా సమర్పించని నివాసము మీదొక్కటే. పోటీ వారు వచ్చేలోగా ఆ చేపను ఎక్కడున్ననూ తెప్పించవలెను. ఈలోగా సదరు నివాసమునకు తాఖీదు పంపుడు."

"ఎవరి సంతకంతో సార్?"

"తాఖీదులపై కార్యదర్శి గదా సంతకము చేయునది" అని ఆయన గిన్నెతో సహా లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన వెనకే నీలిమ వచ్చింది. కళ్ళు తేటగా ఉన్నాయి, నుదుటి మీద చెమట, ముక్కు ఎర్రబడింది. కారం బాగా పడినట్టుంది. మెల్లగా వచ్చి చెప్పుల బల్ల మీద తండ్రి పక్కన కూర్చుంది.

"కడుపు నిండిందామ్మా?"

"నిండింది నాన్నా. లోపల వీడు కూడా తన్నడం ఆపేసేడు." ఎదురింటి తలుపు కేసి చూసి అంది, "నీకో ముక్క కొంగులో కట్టి తెద్దామనుకున్నాను. ప్రెసిడెంటు గారు తీర్మానం చేత్తో పట్టుకుని పక్కనే నించున్నారు."

"తప్పు కదమ్మా. నిబంధన."

నీలిమ ఆయన మొహం కేసి చూసింది. చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేస్తే ఆయన తన కేసి అలాగే చూసేవాడు. ఆ పిల్ల తన కుడిచెయ్యి విప్పి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"కడుక్కోలేదు నాన్నా. నీ కోసమే."

పద్నాలుగో నిబంధన రాసినవాడు కళ్ళు మూసుకున్నాడు. కూతురి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపిరి నిండా పీల్చాడు. మెట్ల మీద వాసన పర్యవేక్షణ ఉపసంఘం వాళ్ళ అడుగుల చప్పుడు వినిపించింది. ఆయన చెయ్యి వదల్లేదు.

"సాయంత్రం దాకా సబ్బు పెట్టకమ్మా" అన్నాడు.